పాదాల నర్సమ్మ, టైలరు గారి బొటనవేలు

నిప్పు పుట్టించడం గురించి, చక్రం దొర్లించడం గురించి చరిత్రకారులు కావలసినంత రాశారు. మా వీధి చివరి క్లినిక్కులో నర్సమ్మ ప్రతి ఉదయం తన తెల్లకోటు అంచుతో కంప్యూటరు తెర తుడవడం గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం. నిజానికి ఆ తెరతో పాటు దాన్ని తుడుచుకోవడానికి ఒక మెత్తటి నీలం గుడ్డ కూడా వచ్చింది. కంపెనీవాడు దాన్ని ప్లాస్టిక్ సంచీలో పెట్టి, సంచీని అట్టపెట్టెలో పెట్టి, ఎంతో ప్రేమగా పంపాడు. నర్సమ్మ దాన్ని కళ్లకద్దుకుని, సొరుగులో పెట్టి తాళం వేసింది. అంత మంచి గుడ్డతో దుమ్ము తుడుస్తారా ఎవరైనా? ఆనాటి నుంచి ప్రభుత్వాలు మారాయి, మందుల పేర్లు మారాయి, క్లినిక్కు గోడల రంగు కూడా ఒకసారి మారింది. కోటు అంచు మారలేదు. ముందు ఎడమ నుంచి కుడికి, తర్వాత పైనుంచి కిందికి, ఆఖర్న మధ్యలో ఉన్న మొండి మరక మీద నోటితో ఒక ఊదు. అప్పుడు గాని ఆవిడ కుర్చీలో కూర్చోదు. అప్పుడు గాని మా పేటలో షుగరు వాళ్లకి తెల్లవారదు.

ఇది అతిశయోక్తి కాదు. ఆ తెర మీద పేటలోని షుగరు వాళ్లందరూ వరసగా కొలువుంటారు. మనిషికో గడి, గడికో రంగు. షుగరు అదుపులో ఉంటే ఆకుపచ్చ, కాస్త జారితే పసుపు, చెయ్యి దాటితే ఎరుపు. ఇంట్లో వేలు పొడుచుకుని చిన్న మీటరుకి చుక్క నెత్తురు అందిస్తే చాలు, ఆ అంకె మీటరులోంచి ఫోనులోకి, ఫోనులోంచి ఈ తెర మీదికి తనంతట తానే నడిచి వస్తుంది. నర్సమ్మ ముందు ఎరుపు వాళ్లకి ఫోను చేస్తుంది, తర్వాత పసుపు వాళ్లకి. ఆకుపచ్చ వాళ్లకి చెయ్యదు. అందుకని వాళ్లు కొంచెం చిన్నబుచ్చుకుంటారు.

"నిన్న సాయంత్రం ఏం తిన్నారు బాబాయ్ గారూ?"

"ఏం లేదమ్మా, ఊరికే రెండు బిస్కెట్లు."

"రెండు బిస్కెట్లా, రెండు పొట్లాలా?"

"పొట్లం చిన్నదేనమ్మా."

ఆవిడ అసలు పేరు క్లినిక్కు బోర్డు మీద ఉంది గానీ, దాన్ని చదివిన వాళ్లు లేరు. అందరికీ ఆవిడ పాదాల నర్సమ్మే. కంప్యూటరు రాకముందు ఆవిడ రాజ్యం వెనకగది. అందులో ఒక ఎత్తు స్టూలు, ఒక పొట్టి స్టూలు, కిటికీ కింద మూత పెట్టిన డబ్బా, ఎప్పటికీ వదలని స్పిరిట్ వాసన. ఎత్తు స్టూలు మీద రోగి, పొట్టి స్టూలు మీద ఆవిడ, ఆవిడ ఒళ్లో పాదం. షుగరు ముదిరిన పాదానికి నొప్పి తెలియదు. చెప్పులో రాయి దూరినా తెలియదు, ఆ రాయి పుండు చేసినా తెలియదు. ముక్కుకి తెలిశాక మనిషి పరిగెత్తుకొస్తాడు. ఆవిడ కట్టు కట్టి పెద్దాసుపత్రికి పంపేది. తిరిగొచ్చేటప్పుడు వాళ్లు ఒక వేలో, రెండు వేళ్లో అక్కడే వదిలేసి వచ్చేవారు. అలా వదిలేసి వచ్చిన ప్రతి పాదమూ ఆవిడకి గుర్తే. బజారులో ఎదురుపడితే ముందు మన చెప్పులు చూసి, తర్వాత ముఖం చూసి, "బాగున్నారా" అంటుంది. ఆవిడ భర్త ఎలక్ట్రీషియను. "నా ముఖం ఎలా ఉంటుందో మా ఆవిణ్ణి అడగండి, తడుముకుంటుంది. నా మడమ పగుళ్లు మాత్రం బొమ్మ గీసి చూపిస్తుంది" అని అందరితో చెప్పుకుంటాడు. ఆ చెప్పుకోవడంలో ఫిర్యాదు కన్నా గొప్పే ఎక్కువ వినిపిస్తుంది.

కంప్యూటరు వచ్చిననాడు డాక్టరు గారు పెదవి విరిచారు. ఆయన పెద్దవారు, హస్తవాసి ఉన్నవారు, స్టెతస్కోపు తర్వాత లోకం కనిపెట్టిన వస్తువులన్నీ తొందరపాటు పనులని నమ్మినవారు.

"ఈ పెట్టె రోగిని చూస్తుందా సిస్టర్?"

"చూడదు సార్. రానివాళ్లెవరో చెబుతుంది."

డాక్టరు గారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. ఇన్నేళ్లూ ఆయనకి వచ్చినవాళ్లని చూడడానికే పొద్దు చాలలేదు. "సరే, తుడుచుకుంటూ ఉండండి" అన్నారు. అది ఆమోదముద్ర అని నర్సమ్మ అర్థం చేసుకుంది.

మొదట్లో ఆవిడ మౌసుని పచ్చిపుండు మీద దూది ఆనించినంత సుతారంగా పట్టుకునేది. తర్వాత చెయ్యి తిరిగింది. రోగుల చెయ్యి తిప్పడమే కష్టమైంది. మీటరునీ ఫోనునీ కలపమంటే, రెంటికీ కలిపి రబ్బరు బ్యాండు వేసి తెచ్చిన మహానుభావులున్నారు. ఆవిడ విసుక్కోలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏ బొమ్మ నొక్కాలో, వేలు ఎక్కడ పొడుచుకోవాలో చూపించింది. తెర మీద ఎరుపు నెమ్మదిగా తగ్గింది. వెనకగదిలో ఎత్తు స్టూలు ఖాళీగా ఉండే రోజులు వచ్చాయి. ఆ ఖాళీ స్టూలు వంక నర్సమ్మ చూసే చూపు, పిల్లకి మొదటి ర్యాంకు వచ్చిన తల్లి చూపు.

ఈ వైభవమంతటికీ మకుటం మా మూలమీది టైలరు గారు.

ఆయన కుట్టని చొక్కా మా పేటలో లేదు. లోకమంతా మిషనుకి మోటారు తగిలించుకున్నా ఆయన తగిలించలేదు. "మోటారు బట్టని పరిగెత్తిస్తుంది, నేను నడిపిస్తాను" అనేవారు. ఆ నడిపించేది కుడికాలు. ఆ కుడికాలి బొటనవేలికి పెడల్ అంచు ఒరుసుకుని పుండు పడింది. పెద్దాసుపత్రి సర్జను గారు దాన్ని చూసి, మాటలు పొదుపుగా వాడే మనిషి గనక, క్లుప్తంగా చెప్పారు. రెండు నెలలాగి మళ్లీ చూస్తాను, మానే దారిలో ఉంటే ఉంచుతాను, లేకపోతే వేలు తీసేస్తాను, అప్పటికీ ఆలస్యం చేస్తే జబ్బు పాదాన్నే అడుగుతుంది అని.

"వేలు పోతే నా మిషను ఎవరు తొక్కుతారు సిస్టరమ్మా?" అని టైలరు గారు ఎత్తు స్టూలు మీద కూర్చుని అడిగారు.

"పోదు మాస్టారూ. మీ షుగరు చూడండి, ఎంత చక్కగా ఉందో."

నిజంగానే చక్కగా ఉంది. తెర మీద అంతటి నిఖార్సయిన ఆకుపచ్చ ఇంకెవరికీ లేదు. పొద్దున ఆకుపచ్చ, మధ్యాహ్నం భోజనమయ్యాక ఆకుపచ్చ. ఎరుపు వాళ్లకి ఫోను చేసినప్పుడల్లా నర్సమ్మ, "టైలరు మాస్టారిని చూసి నేర్చుకోండి" అనేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా టైలరు గారు కాలరు ఎగరేసేవారు. స్వయంగా కుట్టుకున్న కాలరు గనక అందంగా ఎగిరేది.

చిక్కల్లా ఒక్కటే. పుండు మానడం లేదు.

కట్టు మార్చినప్పుడల్లా నర్సమ్మ వేలిని ఫోటో తీసి కంప్యూటరులో పెట్టేది. ఆ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే పుండు తగ్గకపోగా అంచులు పెంచుకుంటోంది. డాక్టరు గారికి అనుమానం వచ్చింది. షుగరు ఇంత బుద్ధిగా ఉంటే పుండుకి ఈ పొగరెక్కడిది? టైలరు గారి నెత్తురు తీయించి ల్యాబుకి పంపారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష అది, ఒక్కరోజు పథ్యంతో మోసపోదు. ఫలితం చూసి డాక్టరు గారు కాగితాన్ని బల్లమీద పెట్టి, దాని మీద వేలు పెట్టారు.

"సిస్టర్, ఇది ఎరుపు కూడా కాదు. ఎరుపు దాటి ఏ రంగో నాకు తెలియదు. మీ పెట్టె అబద్ధం చెబుతోంది."

నర్సమ్మ ముఖం మాడిపోయింది. "అబద్ధం చెప్పాలంటే కాస్త ఊహ ఉండాలి సార్. దీనికి అంత లేదు."

టైలరు గారి మీటరు తెప్పించి తన వేలే పొడుచుకుని చూసింది. అదే నెత్తురు ల్యాబులోనూ చూపించింది. రెండు అంకెలూ కవలపిల్లల్లా ఉన్నాయి. మీటరు నిర్దోషి. "అయితే ల్యాబుదే తప్పేమో" అన్నారు డాక్టరు గారు. ల్యాబ్ ఆయన అభిమానం దెబ్బతిని, పరీక్ష మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. ల్యాబు నిర్దోషి. టైలరు గారు మందు మానలేదని ప్రమాణం చేశారు. ఆయనా నిర్దోషే. ఇందరు నిర్దోషుల మధ్య ఒక వేలు మాత్రం రోజురోజుకీ వాచిపోతోంది. సర్జను గారి గడువు కరిగిపోతోంది.

ఆ మధ్యాహ్నం వెనకగదిలో కట్టు మారుస్తోంది నర్సమ్మ. టైలరు గారు ఎత్తు స్టూలు మీద, పాదం ఆవిడ ఒళ్లో. తలుపు తీసి ఉంది, ముందుగదిలో తెర కనిపిస్తోంది. కొత్త అంకె ఏదైనా చేరితే అది "టింగ్" మంటుంది.

టింగ్ మంది.

ఆవిడ అలవాటుగా భుజం మీదుగా చూసింది. టైలరు గారి గడి. ఇప్పుడే వచ్చిన అంకె. చక్కటి ఆకుపచ్చ.

నర్సమ్మ తెర వంక చూసింది. టైలరు గారి వంక చూసింది. ఆయన చేతులు రెండూ ఆయన మోకాళ్ల మీదే బుద్ధిగా ఉన్నాయి.

"మాస్టారూ, మీ ఫోనెక్కడ?"

"ఇంట్లో. ఛార్జింగ్ పెట్టాను."

"మీటరు?"

"అదీ ఇంట్లోనే."

"మీరు?"

"అదేంటమ్మా, ఇక్కడే ఉన్నాగా!"

"మీరు ఇక్కడ. మీ నెత్తురు ఇంట్లో. మధ్యలో రెండు వీధులు. అంత పొడుగు సూది మా దగ్గర లేదు మాస్టారూ."

కబురు పంపితే టైలరు గారి భార్య మీటరూ ఫోనూ పట్టుకుని ఆదరాబాదరాగా వచ్చింది. గుమ్మంలో అడుగు పెడుతూనే, "వచ్చిందా? పచ్చే వచ్చిందిగా?" అంది.

"వచ్చింది వదినా. ఎవరి వేలు?"

"నాదే" అంది ఆవిడ. దాచడానికేముంది అన్నట్టు పది వేళ్లూ చాచి చూపించింది. "ఈయనవి పనిచేసే వేళ్లు, పొడిస్తే ఎలా? అయినా ఇద్దరం ఒకే గిన్నెలోది తింటాం, ఒకే కుండలో నీళ్లు తాగుతాం. అంకె మాత్రం వేరే ఎందుకొస్తుంది?"

చప్పుడు విని డాక్టరు గారు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. వైద్యశాస్త్రంలో ఈ ప్రశ్నకి జవాబుంది. అది ఆయనకి వెంటనే నోటికి రాలేదు.

ఇల్లాలు మాత్రం ఉత్సాహంగా ఉంది. "మొదట్లో ఇంత బాగా వచ్చేది కాదు. ఒకసారి పసుపు వచ్చింది. ఎంత సిగ్గేసిందనుకున్నారు! ఆ రోజే టీలో చక్కెర మానేశాను. పొద్దున్నే పార్కు చుట్టూ నడుస్తున్నాను. తీపి ముట్టుకోవడం లేదు. అంతా ఈయన కోసమే."

"మరి ఆయన?"

"ఆయనకేం, పచ్చగానే ఉందిగా. నేను వద్దన్న తీపి పారెయ్యడం ఎందుకని అది కూడా ఆయనే..." అని ఆగిపోయింది. అప్పుడు తిరిగి మొగుడి వంక చూసింది. "ఏవండీ!"

డాక్టరు గారికి దగ్గు వచ్చింది. దాన్ని ఆయన తన గదిలోకి తీసుకెళ్లిపోయారు.

నర్సమ్మ నవ్వలేదు. ఇన్నాళ్లూ తను ఊరంతా చాటిన ఆకుపచ్చ అది. ఒళ్లో ఉన్న పాదాన్ని చూస్తూ అంది, "మాస్టారూ, వదిన గారి వేళ్లు బంగారంలా ఉన్నాయి. పోయేది మీ వేలు."

టైలరు గారు వంగి తన కాలి వంక చూసుకున్నారు.

"మీ పాదం నాతో మాట్లాడడం ఎప్పుడో మానేసింది. నొప్పి లేదు, మంట లేదు. మిగిలింది ఆ చుక్క నెత్తురొక్కటే. అది కూడా వదిన గారిదైతే మీ సంగతి నాకెవరు చెబుతారు? పగలంతా సూదితో బతికే మనిషికి ఈ పిసరంత సూదంటే భయమా?"

"భయం కాదమ్మా." టైలరు గారు చేతివేళ్లు ముడిచి తెరిచారు. "గుండీ కుట్టేటప్పుడు బట్ట అడుగున సూది ఎక్కడుందో కన్ను చెప్పదు, వేలికొస చెబుతుంది. ఈ కొసలు మొద్దుబారితే నేనిక గోనెసంచులు కుట్టుకోవాలి."

ఇది కొట్టిపారేసే మాట కాదు. నర్సమ్మ ఆలోచించింది. ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, చిటికెనవేలు పైకెత్తింది.

"కుట్టుపనిలో దీని డ్యూటీ ఏమిటి?"

"దానికేం పని లేదు. టీ కప్పు పట్టుకుంటే పైకి లేస్తుంది, అంతే."

"అయితే ఈ పూటనుంచి దీనికి ఉద్యోగం. కొస మీద కాదు, పక్కన పొడవాలి. దీనికి సెలవు కావాల్సినప్పుడు ఉంగరం వేలు."

పొడిచింది. టైలరు గారు కళ్లు మూసుకున్నారు, ఆయన భార్య కూడా మూసుకుంది. టింగ్ మంది. చరిత్రలో మొదటిసారిగా టైలరు గారి గడిలోకి టైలరు గారు వచ్చారు, నిప్పుకణికలాంటి ఎరుపులో.

డాక్టరు గారు ఆ పూటే మందులు మార్చి ఇన్సులిన్ మొదలుపెట్టారు. పొట్ట మీద సూది అనగానే టైలరు గారు పేచీ పెడతారనుకున్నారు గానీ, ఆయన ఉదారంగా ఒప్పుకున్నారు. "పొట్టతో నేను ఏమీ కుట్టను కదండీ" అన్నారు.

తర్వాతి రోజులు ఆ ఇంట్లో తేలిగ్గా గడవలేదు. మొగుడి ఎరుపుని ఇల్లాలు తన పరువు మీద దెబ్బగా తీసుకుంది. "నేను కష్టపడి నిలబెట్టిన పేరు ఒక్కరోజులో మట్టిలో కలిపారు కదండీ!" అని రోజూ ఒకటే సాధింపు. పొద్దున్నే నర్సమ్మ ఫోను.

"మాస్టారూ, ఎరుపొచ్చింది."

"తెలుసమ్మా. మా ఆవిడ అప్పుడే వీధంతా చెప్పింది."

"ఎవరి వేలు?"

"నాదే తల్లీ. మా ఆవిడ పక్కనే కాపలా."

కుడికాలు కింద పెట్టకూడదని నర్సమ్మ శాసనం. దాన్ని ఒక స్టూలు మీద ఎత్తిపెట్టి, టైలరు గారు ఎడమకాలితో మిషను తొక్కడం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో కుట్టిన చొక్కాలన్నీ ఎడమవైపుకి వంకరపోయాయని గిట్టనివాళ్లు ప్రచారం చేశారు. అది పచ్చి అబద్ధం. వంకరపోయింది ఒక్కటే చొక్కా. అది డాక్టరు గారిది.

మధ్యమధ్య ఇంటి నుంచే పుండు ఫోటోలు పంపమంది నర్సమ్మ. ఇల్లాలు పంపిన మొదటి ఫోటోలో స్టూలు కాలు ఉంది, రెండోదానిలో పిల్లి ఉంది, మూడోదానిలో ఆవిడ బొటనవేలే ఉంది. దాన్ని చూసి నర్సమ్మ క్షణంపాటు పుండు మాయమైందని పొంగిపోయి, తర్వాత గోరు చూసి గుర్తుపట్టింది. పాదాల నర్సమ్మ దగ్గర అలాంటివి సాగవు. నాలుగోసారికి ఫోటో కుదిరింది. ఇక అక్కణ్ణుంచి కుదురుతూనే ఉంది. గడి ఎరుపులోంచి పసుపులోకి వచ్చింది. పసుపులో కొన్నాళ్లు మొండికేసి, ఒకరోజు ఆకుపచ్చలోకి అడుగుపెట్టింది. పుండు ఎంతుందో టైలరు గారు తన లెక్కలోనే చెప్పేవారు, "కోటు గుండీ అంత నుంచి చొక్కా గుండీ అంతకి దిగిందమ్మా. ఇంకొంచెం దిగితే కాజా కూడా అక్కర్లేదు."

సర్జను గారి దగ్గరికి నర్సమ్మ సెలవు పెట్టుకుని మరీ వెంట వెళ్లింది. ఆయన వేలిని అటూ ఇటూ తిప్పి చూశారు. నర్సమ్మ తన ఫోనులో ఫోటోలు వరసగా చూపించింది. ఆయన ఒక్కొక్కటీ జరుపుతూ పిల్లి దగ్గర కాసేపు ఆగారు, ఏమీ అడగలేదు. ఆఖరి ఫోటో చూసి, ఎదురుగా ఉన్న వేలిని మళ్లీ చూసి, "ఉంచుకోండి" అన్నారు. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే టైలరు గారి భార్య నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. కింది మెట్టు దాకా వదల్లేదు. నర్సమ్మ, ఇన్నేళ్ల తర్వాత ఆ మెట్ల మీద నుంచి ఒక పాదాన్ని నిండుగా వెనక్కి తీసుకెళ్తున్న మనిషి నడక ఎలా ఉండాలో అలాగే నడిచింది.

అప్పటినుంచి క్లినిక్కులో కొత్త పద్ధతి వచ్చింది. మీటరు తీసుకున్న ప్రతివాళ్లూ మొదటి చుక్క ఆవిడ ఎదురుగానే పెట్టాలి. ఎంత మంచి అంకె వచ్చినా నెలకోసారి ఆకుపచ్చ వాళ్లకి కూడా ఫోను వెళ్తుంది, "ఎవరి వేలు?" అని. ఆకుపచ్చ వాళ్లు ఇప్పుడు చిన్నబుచ్చుకోవడం లేదు. పేటలో మనుషులు ఎదురుపడితే బాగున్నారా అనడం మానేసి ఎవరి వేలు అనుకుంటున్నారు.

ఈ సంగతి పైవాళ్ల దాకా పాకింది. చుట్టుపక్కల క్లినిక్కులన్నిటినీ పిలిచి పెద్ద హాలులో సభ పెట్టారు. మాట్లాడవలసింది మా పాదాల నర్సమ్మ. ముందు వరసలో డాక్టరు గారు కూర్చుని, కంప్యూటరు మీద తనకి మొదటినుంచీ ఎంత గురో అటుపక్కనా ఇటుపక్కనా వాళ్లకి చెప్పారు. ఆయన రాసిచ్చిన ఉపన్యాసం నర్సమ్మ మడతపెట్టి సంచీలో వేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. టింగ్ మన్న చోట హాలంతా నవ్వింది. పోయేది మీ వేలు అన్న చోట కొందరు వంగి తమ కాళ్లు చూసుకున్నారు. ఉంచుకోండి అన్న చోట చప్పట్లు కొట్టారు, చాలాసేపు ఆపలేదు. ఆవిడ ఆ చప్పట్లని తలవంచుకుని కాదు, తలెత్తుకునే తీసుకుంది. తీసుకోవలసినవే.

"ఆ టైలరు గారు వచ్చారా? ఆ వేలు మేమూ చూడొచ్చా?" అని పెద్ద అధికారి అడిగారు.

వచ్చారు. ఈ సందర్భం కోసం వారం రోజులు కూర్చుని కుట్టుకున్న సూటులో వేదిక ఎక్కారు. అలాంటి సూటు ఆ హాలు ఎన్నడూ చూసి ఉండదు. భుజం దగ్గర ఒక్క ముడత లేదు, లైనింగు పట్టులా మెరుస్తోంది, కాజాలు అచ్చు వేసినట్టున్నాయి, ప్యాంటు మడత మీద గీత గీసుకోవచ్చు. పక్కన ఆయన భార్య. కుర్చీ వేశారు. కెమెరా అబ్బాయి మోకాలి మీద వాలి ముందుకొచ్చాడు. డాక్టరు గారు లేచి నిలబడ్డారు, ఆయన్ని చూసి ముందు వరస లేచింది, ముందు వరసని చూసి హాలంతా లేచింది. టైలరు గారు ముందుకి వంగి, విగ్రహం మీద తెర తొలగించేవాడి గాంభీర్యంతో కుడికాలి బూటు లేసు విప్పి, మెల్లగా బూటు తీశారు.

మేజోడు విప్పాల్సిన అవసరం రాలేదు. దానికి ముందు భాగంలో చిల్లుంది. వేలు బయటే ఉంది.